పాట ఆగిన చోట

"పాటలన్నీ పాడతాడండీ, మాట్లాడమంటేనే మాట్లాడడు."

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు చేరిన చోట ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడుతుంది. స్పీచ్ థెరపీ సెంటరు వరండాలో, ప్లాస్టిక్ కుర్చీల్లో, లోపల సెషన్ అయ్యేదాకా కూర్చున్న తల్లులు ఒకరికొకరు చెప్పుకునే మాట ఇది. నాలుగేళ్లు వచ్చినా "అమ్మా" అని పిలవడు. దాహమేస్తే చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడు. వాడే, టీవీలో సబ్బు ప్రకటన పాట మొదలైతే ఏ మూలనున్నా పరుగెత్తుకొస్తాడు, చివరిదాకా శ్రుతి తప్పకుండా కూనిరాగం తీస్తాడు. వంటింట్లో మిక్సీ వేస్తే మాత్రం చెవులు రెండూ మూసుకుని మంచం కిందికి దూరతాడు.

ఆ తల్లి మాటలో రెండు ప్రశ్నలున్నాయి. పాట పలికిన నోరు మాట ఎందుకు పలకదు? పోనీ, పాట మీదున్న ఆ ఇష్టాన్ని ఆసరా చేసుకుని మాట, చదువు, నలుగురితో మెలగడం నేర్పించొచ్చా? మొదటి ప్రశ్నకు మెదడును పరీక్షించేవాళ్లు కొంత జవాబు చెప్పారు. రెండోదానికి అరవై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. దాన్ని గట్టిగా తూచి చూసిన పరిశోధనలు మాత్రం చాలావరకు గత ఇరవై ఏళ్లవే. ఈ సందులోనే హెడ్‌ఫోన్లు, సీడీలు, 'మెదడుకు పదును పెట్టే' రాగాలు అమ్మేవాళ్లు దుకాణాలు తెరిచారు. అన్నిటినీ ఒక చోట పెట్టి చూస్తే నాకు తోచింది ఒకటే: పిల్లలకు పాట వినిపించడం వేరు, పిల్లలతో కలిసి పాట కట్టుకోవడం వేరు. మేలు జరిగిందని కాస్త ధైర్యంగా చెప్పగలిగిన చోట కనపడేది రెండోదే.

సంగీతం ఆటిజం కథలోకి మధ్యలో వచ్చి చేరింది కాదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఆటిజం అనేది విడిగా ఒక స్థితి అని వైద్యలోకం గుర్తించడం ఆ వ్యాసంతోనే మొదలైంది. అందులో మొట్టమొదటి బాబు ఏడాది వయసుకే ఎన్నో పాటల వరసలు తప్పుపోకుండా పాడేవాడట. ఇంకో బాబు ఏడాదిన్నరకే పద్దెనిమిది సింఫొనీలను వేటికవి గుర్తుపట్టేవాడట. మొదటి భాగం మొదలవగానే స్వరకర్త పేరు చెప్పేవాడట. కానర్ వీటిని పిల్లల అసాధారణ జ్ఞాపకశక్తి కింద జమకట్టి ముందుకు సాగిపోయారు. ఆ పాట వెంట పిల్లాడి దాకా నడిచి వెళ్లొచ్చన్న ఆలోచన మరికొందరికి రావాల్సి ఉంది.

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. ఆటిజం అంటే చాలు, లోపల ఒక సంగీత మేధావి దాక్కుని ఉంటాడనుకునేవాళ్లున్నారు. బ్రిటన్‌లో డెరెక్ పారవిచీనీ లాంటివాళ్లు నిజంగానే ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టి చూపు పోయిన ఆయన, ఒకసారి విన్న పాటను పియానో మీద వాయించేస్తారు. 2019లో అమెరికా టీవీ పోటీ గెలిచిన కోడీ లీ కూడా అలాంటివారే. వీళ్లు అరుదు. సినిమా కథలకు పనికొచ్చే ఇలాంటి ఉదాహరణలు మామూలు తల్లిదండ్రుల నెత్తిన కొత్త బరువు పెడతాయి: మా వాడిలో ఆ ప్రతిభ ఎక్కడుంది, మేమే తవ్వలేకపోతున్నామా అని. అరుదు కానిది వేరే ఉంది. లండన్‌లో పమేలా హీటన్ బృందం 1990ల చివర్లో, సంగీతం నేర్చుకోని పిల్లలకు ఒక్కో స్వరాన్ని ఒక్కో జంతువు బొమ్మతో జతచేసి చూపింది. తర్వాత స్వరం వినిపించి బొమ్మ చూపించమంటే ఆటిజం ఉన్న పిల్లలు మిగతావాళ్ల కన్నా బాగా గుర్తుపెట్టుకున్నారు. స్థాయిని పట్టుకునే చెవి వీళ్లలో చాలామందికి గట్టిదే. అందరికీ కాదు. పాటంటే గిట్టని పిల్లలూ ఉన్నారు, వాళ్లను బలవంతంగా కూర్చోబెట్టే వ్యాసం కాదిది.

మెదడు మాటకొస్తే, 2012లో 'బ్రెయిన్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చెప్పుకోదగ్గది. మాటలు బాగా తక్కువగా ఉన్న పిల్లలను నిద్రమత్తులో ఉంచి, స్కానర్‌లో వాళ్లకు మాటలు, పాటలు వినిపించారు. మెదడు ఎడమవైపు ముందుభాగంలో భాషకు సంబంధించిన ఒక ప్రాంతం ఉంది. మాట విన్నప్పుడు అది మామూలు పిల్లల్లో కన్నా మందకొడిగా ఉంది. పాట విన్నప్పుడు చురుగ్గా కదిలింది. మన దేశంలోనే, హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో మేఘా శారదా, నందినీ చటర్జీ సింగ్, వాళ్ల సహచరులు మాటగా చెప్పిన పదాలను, అవే పాడిన పదాలను పిల్లలకు వినిపించి చూశారు. పాడిన పదాలు విన్నప్పుడు మెదడు ముందుభాగానికీ పక్కభాగానికీ మధ్య రాకపోకలు సవ్యంగానే ఉన్నాయి. చెప్పిన పదాల దగ్గర తగ్గాయి. 2015లో ఈ ఫలితం వెలువడింది. అంటే పాట వచ్చిన బాబుకు మాట రాకపోవడం మొండితనం కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. పాట నడిచే దారి తెరిచే ఉంది. ఆ దారిలో మాటను కూడా తీసుకెళ్లగలమా అన్నది వేరే ప్రశ్న, దానికి స్కానర్ జవాబు చెప్పదు.

పాట ఎందుకు తేలిక అన్నదానికి ఒక ఊహ నాకు నచ్చుతుంది. ఎంఐటీలో పనిచేసే పవన్ సిన్హా 2014లో, ఆటిజంలో అసలు ఇబ్బంది 'తర్వాత ఏం జరగబోతోంది' అని ముందే అంచనా వేయలేకపోవడంలో ఉండొచ్చని ప్రతిపాదించారు. రుజువైన సిద్ధాంతం కాదుగానీ, ఇంట్లో చూసేదానికి దగ్గరగా ఉంటుంది. ఎదుటివాళ్ల మాట ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు. పల్లవి అలా కాదు, చెప్పినట్టే తిరిగొస్తుంది. తాళం వేసిన చోటే మళ్లీ పడుతుంది. రోజంతా అనుకోనివే ఎదురయ్యే పిల్లాడికి, అనుకున్నది అనుకున్నట్టు జరిగే మూడు నిమిషాలు ఎంత ఊరటో ఆలోచించండి. ఒకే పాట నలభైసార్లు పెట్టమనడం వెనక ఉన్నది ఈ ఊరటే కావొచ్చు.

చిక్కు కూడా అక్కడే ఉంది. రికార్డు చేసిన పాట మరీ నమ్మకమైనది. అది ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ అడగదు. పిల్లాడు అందులోకి వెళ్లి తలుపేసుకోవచ్చు. ఆ తలుపు తెరిపించే పద్ధతి కనిపెట్టినవాళ్లు వైద్యులు కారు. ఒకరు పాటలు కట్టే మనిషి, ఇంకొకరు బడిపంతులు.

అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, ఇంగ్లండ్‌లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే క్లైవ్ రాబిన్స్ 1959లో వుస్టర్‌షైర్‌లోని సన్‌ఫీల్డ్ పిల్లల గృహంలో కలిసి పని మొదలుపెట్టారు. దాదాపు అదే సమయంలో లండన్‌లో చెల్లో కళాకారిణి జూలియెట్ ఆల్విన్ సంగీత చికిత్సకు ఒక సంఘం పెట్టారు. ఆటిజం ఉన్న పిల్లల కోసమే ఆమె రాసిన పుస్తకం 1978లో వచ్చింది. అప్పటి వాతావరణం గుర్తుచేసుకోవాలి. తల్లి ప్రేమలేమి వల్లే పిల్లలు ఇలా అవుతారని బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పెద్ద పుస్తకమే రాశారు. చదువుకున్నవాళ్లు దాన్ని నమ్మారు కూడా. అలాంటి రోజుల్లో వీళ్లు తల్లిని నిలదీయకుండా పిల్లాడి వైపు చెవి పెట్టారు.

నార్డాఫ్, రాబిన్స్ 1960లలో ఫిలడెల్ఫియాలో చూసిన ఒక బాబు కథ ఈ రంగంలో అందరికీ తెలుసు. అయిదున్నరేళ్లవాడు. గదిలోకి తీసుకురాగానే గుక్కపెట్టి ఏడుపు, అరుపులు. మనమైతే ఊరుకోబెట్టడానికి చూస్తాం, లేదా బయటికి తీసుకెళ్లిపోతాం. నార్డాఫ్ పియానో ముందు కూర్చుని ఆ అరుపు ఏ స్థాయిలో ఉందో విన్నారు, అదే శ్రుతిలో వాయించడం, గొంతు కలపడం మొదలుపెట్టారు. ఏడుపు పెరిగితే వాయిద్యం పెరిగింది, ఊపిరి కోసం ఆగితే వాయిద్యమూ ఆగింది. ఆ సెషన్‌లోనే బాబు అరుపులు పియానో స్వరాలను అందుకోవడం మొదలుపెట్టాయి. ఏడుపు, పాట అన్న గీత చెరిగిపోయింది. తన గొంతు ఎవరికో వినపడుతోందని, దానికి జవాబు వస్తోందని వాడికి తెలిసిన క్షణం అది. ఏడుపు ఆపమని అక్కడ ఎవరూ అనలేదు, గమనించారా.

ఇప్పుడు చాలా దేశాల్లో జరిగే సంగీత చికిత్సలో ఎక్కువ భాగం ఈ దారిలోదే. గదిలో ఒక డప్పు, గిటారో కీబోర్డో, చిన్న గంటలు, కర్రతో కొట్టే స్వరపలకలు. పాఠం ఏమీ ఉండదు. పిల్లాడు డప్పు మీద రెండు దెబ్బలు వేస్తాడు. థెరపిస్టు రెండు వేస్తుంది. వాడు వినలేదు, కిటికీ చూస్తున్నాడు. కాసేపటికి మళ్లీ రెండు. ఆమె రెండు. ఈసారి వాడి చెయ్యి గాల్లో ఆగింది. మూడు కొట్టాడు. ఆమె మూడు కొట్టింది. వాడు ఆమె చేతి వైపు చూశాడు, మొహం వైపు కాదు. ఒకటి కొట్టి ఆగాడు. ఆమె కొట్టకుండా చెయ్యెత్తి ఉంచింది. ఆ నిశ్శబ్దంలో వాడు తలెత్తి మొహం చూస్తాడు. అరగంట సెషన్‌లో ఇలాంటిది రెండుసార్లు జరిగితే మంచి రోజు. బయట కూర్చున్న నాన్నకు మాత్రం డప్పుల మోత తప్ప ఏమీ తెలియదు, "ఇవాళ ఏం నేర్పించారండీ?" అని అడుగుతాడు. ఏం చెప్పాలో తోచక థెరపిస్టు నవ్వుతుంది.

పసిపిల్లల విషయంలో ఇది కొత్తేమీ కాదు. తల్లి, పసిబిడ్డ ఒకరి గొంతుకు ఒకరు జవాబివ్వడంలో లయ, వరుస, వంతు ఉంటాయని స్కాట్లండ్‌లో కోల్విన్ ట్రెవర్తెన్ ఏళ్ల తరబడి చూపించారు. 2022లో అమెరికాలో మిరియం లెన్స్ బృందం, తల్లి పాడుతుంటే రెండు నెలల బిడ్డ కూడా పాట లయకు తగ్గట్టు ఆమె కళ్లలోకి చూస్తుందని కొలిచి తేల్చింది. పాట బిడ్డ చూపును వేళకు పిలుస్తుందన్నమాట. ఎక్కడో ఈ పిలుపు అందని పిల్లలకు దాన్ని కాస్త నిదానంగా, కాస్త గట్టిగా, ఆగి ఆగి మళ్లీ అందించడమే ఆ డప్పు గదిలో జరిగేది.

ఇంతవరకు ముచ్చటగా ఉంది. తూకం దగ్గరికొస్తే ముచ్చట కాస్త తగ్గుతుంది.

వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2006లో మొదటిసారి ఈ అంశాన్ని సమీక్షించినప్పుడు లెక్కకు వచ్చినవి మూడే పరిశోధనలు, అందులో పిల్లలు ఇరవై నాలుగు మంది. ఇంతోటి దానిమీద ఏం తేలుతుంది? 2008లో కొరియాలో జిన్నా కిమ్, సహచరులు అదే పిల్లలను కొన్నాళ్లు బొమ్మలతో, కొన్నాళ్లు సంగీతంతో ఆడించి చూశారు. సంగీతం ఉన్నప్పుడు ఒకే వస్తువు మీద ఇద్దరూ కలిసి దృష్టి పెట్టడం, కళ్లలోకి చూడటం ఎక్కువైంది. పిల్లలు పదిమంది. 2014 కోక్రేన్ సమీక్ష నాటికి పరిశోధనలు పది, పిల్లలు 165. ఫలితాలు ఆశాజనకం. అందరూ పెద్ద పరీక్ష ఒకటి కావాలన్నారు.

అది జరిగింది. 'టైమ్-ఏ' అనే ఆ పరీక్ష ఫలితం 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. తొమ్మిది దేశాలు, నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు 364 మంది. సగం మందికి మామూలుగా అందే సాయం, తల్లిదండ్రులకు సలహాలు. మిగతా సగానికి వాటితోపాటు అయిదు నెలల సంగీత చికిత్స, కొందరికి వారానికి ఒకసారి, కొందరికి మూడుసార్లు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలియని నిపుణులు చివర్లో పిల్లలను పరీక్షించారు. సామాజిక స్పందనలో ఇబ్బంది ఎంతో చెప్పే స్కోరు సంగీతం అందుకున్నవాళ్లలో 14.08 నుంచి 13.23కు తగ్గింది. అందుకోనివాళ్లలో 13.49 నుంచి 12.58కి తగ్గింది. తేడా లేదు. వారానికి మూడుసార్లు వెళ్లినా పెద్దగా ఒరిగింది లేదు.

ఈ వార్త వచ్చినప్పుడు సంగీత చికిత్స చేసేవాళ్లలో చాలామంది కొలబద్ద తప్పన్నారు. వాళ్ల వాదనలో పస ఉంది. వాడిన పరీక్ష ఆటిజం ఉందో లేదో నిర్ధారించడానికి తయారైనది. కొత్త మనిషి ముందు, కొత్త గదిలో, అలవాటైన పాట లేకుండా పిల్లాడు ఎలా ఉన్నాడో అది చూస్తుంది. వాడు ఇంట్లో ఎక్కువ నవ్వుతున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా, చెల్లెలితో ఆడుతున్నాడా అన్నది దానికి పట్టదు. జ్వరమాని పెట్టి ఎత్తు కొలిచినట్టు. అయినా ఆ వాదన వెనక పూర్తిగా దాక్కోవడం నాకు నచ్చదు. అదే కొలబద్ద మీద ఫలితం బాగా వచ్చి ఉంటే ఎవరూ దాన్ని తప్పుపట్టేవాళ్లు కాదు. 'సంగీతం ఆటిజాన్ని తగ్గిస్తుంది' అన్న ప్రకటన నిలబడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

2022లో కోక్రేన్ మూడోసారి లెక్క వేసింది. ఈసారి 26 పరిశోధనలు, 1,165 మంది. టైమ్-ఏ కూడా అందులో కలిసింది. మాట, సైగ, కలుపుగోలుతనం విడివిడిగా కొలిస్తే చికిత్స ముగిసిన వెంటనే స్పష్టమైన తేడా కనపడలేదు. మొత్తమ్మీద మెరుగయ్యాడా అని చూస్తే అయ్యే అవకాశం కొంత పెరిగింది, లక్షణాల తీవ్రత తగ్గింది, జీవన నాణ్యత కొద్దిగా పెరిగింది. హాని పెరిగిన జాడ లేదు. విడిభాగాల్లో దొరకని మార్పు మొత్తంలో దొరకడం వింతగానే ఉంటుంది. నేను దీన్ని ఇలా చదువుకుంటాను: సంగీతం ఒక ప్రత్యేక నైపుణ్యాన్ని నాటడంలో అంత గొప్పది కాదు, పిల్లాడి రోజును బాగుచేయడంలో మెరుగు. చిన్న విషయమా అది?

మిగతా పరిశోధనలు కూడా ఇటువైపే చూపిస్తున్నాయి. ఆస్ట్రేలియాలో గ్రేస్ థాంప్సన్ 2014లో ప్రచురించిన పరీక్షలో థెరపిస్టులు పదహారు వారాలు ఇళ్లకే వెళ్లి, తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని 23 మంది చిన్నపిల్లలతో పాడారు. ఇంట్లో, బయట మనుషులతో మెలగడం, తల్లీబిడ్డల దగ్గరితనం మెరుగయ్యాయి. భాషలో తేడా రాలేదు. మానేసర్‌లో పనిచేసిన మేఘా శారదాయే తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 51 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో సంగీతం, ఇంకో గుంపుతో సంగీతం లేని ఆటలు నడిపారు. సంగీతం గుంపులో సంభాషణ మెరుగైందని తల్లిదండ్రులు చెప్పారు, మెదడులో వినికిడికీ కదలికకూ సంబంధించిన భాగాల మధ్య బంధం బలపడింది. 2018 నాటి ఈ ఫలితం ఆసక్తికరమే. కానీ తమ పిల్లలు ఏ గుంపులో ఉన్నారో తల్లిదండ్రులకు తెలుసని గుర్తుంచుకోవాలి.

మాట మీదే గురిపెట్టిన పద్ధతి ఒకటుంది. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లకు పాడించి మాట తెప్పించే పద్ధతి చాలాకాలంగా ఉంది. దాన్ని పిల్లలకు మలచి బాస్టన్‌లో కేథరిన్ వాన్, గాట్‌ఫ్రీడ్ ష్లౌగ్ 2011లో ప్రయత్నించారు. రెండు స్వరాలు పలికే డ్రమ్ములు. థెరపిస్టు మాటను రెండు స్థాయిల్లో సాగదీసి పాడుతూ, పిల్లాడి చేత డ్రమ్ము మీద తట్టిస్తూ పలికిస్తారు. వారానికి అయిదు రోజులు, నలభై సెషన్లు. మాటే లేని ఆరుగురు పిల్లలూ ఎంతో కొంత పలకగలిగారు. ఆరుగురే, పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. అయినా ఈ పద్ధతి చదివినప్పుడల్లా నాకు తెలుగు గుర్తొస్తుంది. మనది అజంత భాష. అమ్మ, పాలు, బంతి, నీళ్లు, అన్నీ అచ్చుతో ముగుస్తాయి, సాగదీయడానికి వీలుగా. వీధి చివర నుంచి తల్లి పిల్లాణ్ణి పిలిచే పిలుపు అప్పటికే సగం పాట. ఇలాంటి పరీక్ష తెలుగు పిల్లలతో చేయడానికి భాష తనవంతు సాయం చేసిపెట్టి కూర్చుంది.

దుకాణాల సంగతి త్వరగా ముగిస్తాను. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టి, వడకట్టిన సంగీతం రోజుకు రెండుసార్లు వినిపించి చెవిని 'సరిచేసే' శిక్షణను ఫ్రాన్స్ వైద్యుడు గీ బెరార్ ప్రచారంలోకి తెచ్చారు. 2011 కోక్రేన్ సమీక్షకు దానికి తగిన ఆధారం దొరకలేదు. మాట ఇబ్బందులకు దాన్ని వాడొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013లో తేల్చి చెప్పాయి. మన ఊళ్లలో అది వేలల్లో ఫీజుకు ఇంకా దొరుకుతుంది. మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న కథ 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులు పావుగంట పాటు కాగితం మడతల లెక్కలు కాస్త బాగా చేయడంతో పుట్టింది. ఆ పరిశోధనలో పసిపిల్లలు ఎవరూ లేరు. ఇక మన రాగాలు. ఫలానా రాగం ఫలానా జబ్బుకని పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. నీలాంబరి జోలకు పనికొస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు, దానికి ఏ పట్టికా అక్కర్లేదు. ఆటిజానికి రాగం రాసిచ్చేవాళ్లను మాత్రం డబ్బు ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగడం మంచిది: పాడేది మనిషా, యంత్రమా? మా వాడు మధ్యలో లేచిపోతే మీరేం చేస్తారు?

మనిషి లేకుండా వాయిద్యాలు మాత్రం ఏం చేస్తాయి? దీనికి జవాబు చెప్పిన ఒక చిన్న ప్రయోగం నాకు భలే ఇష్టం. అమెరికాలో పెట్రా కెర్న్ ఒక ప్రీస్కూల్ ఆటస్థలంలో డప్పులు, గంటలు బిగించిన చిన్న గుడిసె కట్టించారు. అక్కడ ఆటిజం ఉన్న నలుగురు అబ్బాయిలు మిగతా పిల్లలతోపాటు చదువుతున్నారు. గుడిసె పెట్టినంత మాత్రాన వాళ్లు తోటివాళ్లతో కలవడం పెద్దగా పెరగలేదు. ఒక్కొక్కరి కోసం ఒక్కో పాట కట్టి, దాన్ని టీచర్లకూ తోటిపిల్లలకూ నేర్పాక పెరిగింది. మన స్కూళ్లు కొనుక్కొచ్చే ఖరీదైన 'సెన్సరీ గది' పరికరాల పక్కన ఈ ఫలితాన్ని ఫ్రేము కట్టించి పెట్టాలి.

మనకు గుడిసె కట్టించే పని కూడా లేదు. చెమ్మచెక్క ఆడాలంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి, చేతులు ఒకే వేళకు తగలాలి. గుడుగుడు గుంచంలో పిడికిలి మీద పిడికిలి పేర్చి, వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి. వేలు తన పిడికిట్లో దూరే క్షణం కోసం ఎదురుచూడాలి. అన్నిటికన్నా ఒప్పులకుప్ప. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి గిరగిరా తిరగడం ఇష్టం, గంటల తరబడి ఒంటరిగా తిరుగుతారు. ఒప్పులకుప్పలో తిరగాలంటే ఎదుటివాళ్ల చేతులు పట్టుకోక తప్పదు. ఇద్దరూ వెనక్కి వాలి ఒకరి బరువు ఒకరు మోయాలి. ఒకరు వదిలేస్తే ఇద్దరూ పడతారు. పాట అయిపోగానే ఆగాలి. ఒంటరి ఇష్టాన్ని ఇద్దరి ఆటగా మార్చే ఉపాయం దీన్ని మించి ఏ ఆక్యుపేషనల్ థెరపీ పుస్తకంలో ఉంటుంది? అపార్టుమెంట్లలో ఈ ఆటలు తెలిసినవాళ్లు తగ్గారు. అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.

"నాకు పాడటం రాదండీ, ఫోన్లో పెట్టమంటారా?" అని తల్లులు అడుగుతుంటారు. మంచి థెరపిస్టు చెప్పే జవాబు ఒకటే: "ఫోనుకు ఆగడం రాదు కదమ్మా." గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు. పళ్లు తోముకోవడానికి ఒక వరస, స్నానానికి ఒకటి, బూట్లు వేసుకోవడానికి ఒకటి, రెండేసి లైన్లు చాలు, సొంతంగా కట్టినవైతే మరీ మేలు. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడే చాలామంది పిల్లలు కిందపడి దొర్లుతారు. రోజూ అదే వరస వినపడితే తర్వాత ఏం రాబోతోందో ఒళ్లు ముందే తెలుసుకుంటుంది. వరస బాగా ఒంటబట్టాక చివరి మాట దగ్గర ఆగాలి. లోపల అయిదు లెక్కపెట్టాలి, అవసరమైతే పది. ఇదే కష్టం. పెద్దవాళ్లం నిశ్శబ్దాన్ని భరించలేం, మనమే ఆ మాట అనేస్తాం. ఆ మాట పిల్లాడిది, మనం దొంగిలించినట్టే. కాస్త పెద్ద పిల్లలకు కర్ణాటక సంగీతం పాఠాలు కూడా కొందరికి సరిపోతాయి. సరళీ వరసలంత క్రమంగా మెట్లెక్కేవి తక్కువ. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ విసురు, దెబ్బ విసురు అని చేతికి ఎప్పుడూ ఒక పని ఉంటుంది. గురువు మాత్రం చూపు కలపమని, కదలకుండా కూర్చోమని పట్టుబట్టని మనిషై ఉండాలి.

పట్టుబట్టడం గురించి ఇంకో మాట. పాట ఇష్టమని తెలిశాక దాన్ని లంచంగా వాడటం మొదలవుతుంది. 'చెయ్యి ఊపడం ఆపితే పాట పెడతా', 'కళ్లలోకి చూస్తే ఇంకో చరణం.' పని జరుగుతుంది, నిజమే. పిల్లాడికి ఊరటనిచ్చే ఒక్కదాన్నీ పెద్దవాళ్ల చేతిలో తాళంచెవిగా మార్చేస్తుంది. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్లు తమ చిన్నతనం గురించి రాస్తున్నదాంట్లో ఈ బాధ తరచుగా కనపడుతుంది. చేతులు ఊపుతూ పాడితే పాటకు వచ్చిన నష్టమేమిటి?

అలాగే, సంగీతం పేరుతో ఈ పిల్లలు ఎక్కువ దెబ్బతినేది మన ఊళ్లోనే. వినాయక నిమజ్జనం డీజే, పెళ్లి బ్యాండు, స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ పక్కనే నిలబెట్టిన స్పీకర్లు. చెవులు మూసుకున్న పిల్లాడి చేతులు లాగి 'అలవాటు కావాలి' అనే బంధువు ప్రతి ఫంక్షన్లో ఒకరుంటారు. శబ్దం తగ్గించే చెవికప్పులు ఒక జత, ముందే చూసిపెట్టుకున్న ఒక నిశ్శబ్ద గది, ఇవీ సంగీత చికిత్సలో భాగమే అంటాను.

ఇక ఈ చికిత్స చేసేవాళ్లెవరు అన్నది తేలలేదు. బ్రిటన్‌లో సంగీత చికిత్సకులు ప్రభుత్వ నమోదు లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. మన పునరావాస మండలి నమోదు చేసే వృత్తుల్లో స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉన్నారు; సంగీత చికిత్సకులకు విడిగా చోటు లేదు. అందువల్ల ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఆటిజం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోకి వచ్చింది. దేశంలో అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది, ఆ చోట్లలో హైదరాబాద్ ఒకటి. సుమారు వందలో ఒకరికి ఆటిజం ఉందని ఆ అధ్యయనం చెప్పింది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ దేశమంతా వాడే ఆటిజం కొలమానాన్ని తయారుచేసింది. అలాంటి చోట స్పెషల్ ఎడ్యుకేషన్ చదువుకునే ప్రతివారికీ ఒక డప్పు, ఆరు పిల్లల పాటలు, ఆగడం నేర్పితే ఖర్చు ఎంతవుతుంది? సంగీత చికిత్స కోసం స్పీచ్ థెరపీ మానేయమని ఎవరైనా అంటే వినొద్దు. స్పీచ్ థెరపిస్టు పాడితే సంతోషించాలి.

నాకు తెలిసిన ఇంట్లో ఒక నాలుగేళ్ల బాబు ఉన్నాడు. రాత్రి వాళ్లమ్మ జోల పాడుతూ, నేర్చుకున్నట్టే, చివరి మాట ముందు ఆగింది. బాబు పలకలేదు. ఆమె లోపల లెక్కపెడుతూ చీకట్లో కాచుకుంది. ఏడు దగ్గర వాడు పక్కకు దొర్లి, అరచేతితో ఆమె గడ్డం పట్టుకుని నోరు కిందికీ పైకీ ఆడించాడు.